ఉద్యోగం మానేసి ఇంటి నుంచి రాతపని చేసుకుని బతకవచ్చా: హనుమకొండ నుంచి ఒక సమాధానం

పరకాలలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఆరేళ్లుగా తెలుగు చెబుతున్నాననీ, నెలకు 18 వేల రూపాయలు చేతికి వస్తున్నాయనీ, మూడేళ్ల బాబును అత్తగారికి అప్పగించి రోజూ హనుమకొండ నుంచి బస్సులో వెళ్లి రావడం భారమవుతోందనీ మీరు రాశారు. ఈ విద్యా సంవత్సరం పూర్తికాగానే ఉద్యోగం మానేసి, ఇంట్లోనే ఉండి అనువాదాలు, కథలు, వ్యాసాలు రాస్తూ అంత సంపాదించగలనా అన్నది మీ ప్రశ్న. నన్ను అక్కా అని పిలిచారు కనుక చెల్లెలికి చెప్పినట్టే, ఏదీ దాచకుండా చెబుతాను.

నేను 2006 నుంచి హనుమకొండలో ఇంటి నుంచే రాతపని చేస్తున్నాను. అంతకుముందు ఐదేళ్లు ఒక దినపత్రికలో ఉపసంపాదకురాలిగా పనిచేశాను. ఇన్నేళ్లలో రాసినవాటిలో నా పేరుతో వచ్చినవి చాలా తక్కువ. పురుగుమందుల కరపత్రాలు, ఆసుపత్రుల సూచన పత్రాలు, పాఠ్యపుస్తకాలు, సబ్‌టైటిళ్లు, ఫోన్ యాప్‌లలో కనిపించే చిన్న చిన్న వాక్యాలు, పదవీ విరమణ చేసినవారి ఆత్మకథలు, వీటితోనే మా ఇల్లు గడిచింది, ఇద్దరు పిల్లల చదువులు పూర్తయ్యాయి. కాబట్టి బతకవచ్చు. అయితే ఈ వృత్తిలోకి వచ్చి రెండేళ్లలో వెనుదిరిగిన వాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమందికి పని దొరకక కాదు, చేసిన పనికి డబ్బు ఎప్పుడు వస్తుందో ముందే లెక్క కట్టుకోక ఇబ్బంది పడ్డారు. నా సమాధానంలో ఎక్కువ భాగం ఆ లెక్క గురించే ఉంటుంది.

ముందుగా కథల సంగతి. మీరు కథలు బాగా రాస్తారని మీరు పంపిన రెండు కథలు చదివితే తెలుస్తోంది, వాటిని ఆపవద్దు. కానీ ఇంటి ఖర్చుల లెక్కలో వాటిని చేర్చవద్దు. తెలుగులో కథకు పత్రికలు ఇచ్చే పారితోషికం ఒక నెల పాల ఖర్చుకు సరిపోతే గొప్ప, కొన్ని పత్రికలు అదీ ఇవ్వవు. పుస్తకం వేస్తే 500 ప్రతులు వేసుకోవడం, చాలాసార్లు ఆ అచ్చు ఖర్చును రచయితే పెట్టుకోవడం, పుస్తకాల దుకాణానికి ఇచ్చే తగ్గింపు పోగా మిగిలింది ఎప్పటికో చేతికి రావడం మామూలు. మీ కథకు రోజులో ఒక గంట విడిగా ఉంచుకోండి, ఆ గంటకు ధర కట్టకండి. బతుకుతెరువు రాత వేరు. అది ఇతరుల అవసరం కోసం రాసేది, ఆ అవసరం ఎవరికి ఎందుకు ఉందో తెలుసుకోవడంతోనే ఈ పని మొదలవుతుంది.

చాలామంది ఇంటి నుంచి పని అనగానే బెంగళూరు, ముంబై అనువాద ఏజెన్సీల వైపే చూస్తారు. మన చుట్టూ ఉన్న పని కనబడదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి వచ్చే జిల్లాలన్నిటిలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే సంస్థలు ఉన్నాయి. పురుగుమందు డబ్బా మీది సమాచారం, దానితో ఇచ్చే కరపత్రం రైతుకు తెలిసిన ప్రాంతీయ భాషలోనూ ఉండాలని నిబంధన ఉంది. బ్యాంకు దరఖాస్తులు, ప్రకటనలు ఖాతాదారుల భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు చెబుతుంది. అంటే ఈ సంస్థలకు తెలుగు రాత అలంకారం కాదు, తప్పనిసరి. తప్పనిసరి ఉన్నచోటే పని నిలకడగా దొరుకుతుంది.

ఈ పనిలో ఉన్న బాధ్యత కూడా చెప్పాలి. ఒకసారి నాకు వచ్చిన కరపత్రం ముసాయిదాలో లీటరు నీటికి కలపవలసిన మోతాదు, ఎకరానికి వాడవలసిన మోతాదు తారుమారై ఉన్నాయి. ఎకరానికి సాధారణంగా 200 లీటర్ల నీటితో పిచికారీ చేస్తారు కనుక ఆ రెండింటి మధ్య తేడా ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ఇంగ్లీషు మూలంలోనే తప్పు ఉంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు అనువదించినా నన్ను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆ కాగితాన్ని నమ్మి మందు కలిపే రైతు ఒకరు ఉంటారు. నేను ఫోన్ చేసి అడిగాను, వారు సరిదిద్దారు, ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా ఆ సంస్థ పని నా దగ్గరకే వస్తోంది. మంచి అనువాదకురాలి గురించి సంస్థలు గుర్తుపెట్టుకునేది వాక్యాల సొగసును కాదు, ఇలా అడిగిన ప్రశ్నలను. ఆసుపత్రుల పని కూడా ఇలాంటిదే. శస్త్రచికిత్సకు ముందు రోగి సంతకం చేసే అంగీకార పత్రం, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సూచనలు, మధుమేహ రోగికి ఇన్సులిన్ వేసుకునే విధానం, ఇవన్నీ చదువు అంతగా లేనివారికి కూడా అర్థమయ్యేలా రాయాలి. రాసిన తర్వాత మా వీధిలోని ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించి, వాళ్లు తిరిగి చెప్పమంటే ఏం చెబుతారో విని, అప్పుడు పంపడం నా అలవాటు.

మన మాట ఇక్కడ అక్కరకు వస్తుంది. ఈ ప్రాంతపు రైతు కోసం రాసేటప్పుడు ఖరీఫ్, రబీ అని కాకుండా వానాకాలం, యాసంగి అనాలి, మన రాష్ట్ర ప్రభుత్వం కూడా ఆ మాటలే వాడుతోంది. నారుమడి అంటే పుస్తకంలో చదివినవారికి తెలుస్తుంది, తుకం అంటే తుకం పోసేవారికి తెలుస్తుంది. బయటి ఏజెన్సీల్లో మీ అనువాదాన్ని తనిఖీ చేసేవారు వేరే ప్రాంతం వారైతే మక్కలు, తుకం వంటి మాటలను తప్పులుగా గుర్తించి వెనక్కి పంపుతారు. నాకు మొదట్లో ఇలా చాలాసార్లు జరిగింది, మనసు నొచ్చుకుంది. కోపంతో జవాబు రాయకుండా, ఈ మాట ఏయే జిల్లాల్లో వాడుకలో ఉంది, ఈ పత్రం ఎవరికి చేరుతుంది అని రెండు వాక్యాల వివరణ పెట్టడం నేర్చుకున్నాక చాలా మాటలు నిలబడ్డాయి. ఇప్పుడు సినిమాల్లో, సిరీసుల్లో, ఆడియో కథల్లో తెలంగాణ సంభాషణలు రాయగలవారిని ప్రత్యేకంగా వెతుకుతున్నారు. పరకాల, ములుగు, భూపాలపల్లి పల్లెల మాట మీకు సహజంగా వస్తుంది కదా, దాన్ని మీ అర్హతల్లో ఒకటిగా రాసుకోండి.

ఇక ఆత్మకథలు. ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, సింగరేణిలో పనిచేసినవారు పదవీ విరమణ తర్వాత తమ జీవితాన్ని పుస్తకంగా తెచ్చుకోవాలని కోరుకోవడం మన దగ్గర బాగా పెరిగింది. వాళ్లు మాట్లాడితే రికార్డు చేసుకుని, కాలక్రమంలో పేర్చి, వాళ్ల గొంతు పోకుండా రాసిపెట్టడం నాకు ఎంతో ఇష్టమైన పని. దీనికి పుటకింత అని కాకుండా దశల వారీగా డబ్బు తీసుకోండి: ఒప్పుకున్నప్పుడు మూడో వంతు, మొదటి ముసాయిదా ఇచ్చినప్పుడు మూడో వంతు, ప్రూఫులు దిద్దిన తర్వాత మిగిలింది. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా ముందే చెప్పాలి. కుటుంబంలో ప్రతి ఒక్కరూ ఒక్కో అధ్యాయం మార్చమని అడుగుతారు, పెద్దల మాట కాదనలేక నేను ఒక పుస్తకాన్ని ఏడుసార్లు తిరగరాశాను.

ఒక్క పనిని మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కనుక, మీరు రాయగలరని తెలియగానే పరిశోధన గ్రంథం రాసిపెట్టమని, ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టమని అడిగేవారు వస్తారు. డబ్బు కూడా ఎక్కువే ఇస్తామంటారు. రాసినదాన్ని దిద్దిపెట్టడం వేరు, భాషా దోషాలు సవరించడం న్యాయమైన పనే, దానికి ధర తీసుకోవచ్చు. మరొకరి పట్టా కోసం మీరు రాయడం మోసం. మీరు అధ్యాపకురాలు, ఇంతకంటే ఎక్కువగా మీకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ జీతం 18 వేలు అన్నారు. మన దగ్గర చాలా ప్రైవేటు జూనియర్ కళాశాలలు వేసవి రెండు నెలలకు జీతం ఇవ్వవు. మీ కళాశాల కూడా అంతే అయితే ఏడాదికి మీకు వచ్చేది 1,80,000, అంటే సగటున నెలకు 15 వేలు. అందులో బస్సు ఖర్చు తీసేయండి. ఇంటి నుంచి పనిచేస్తే బస్సు ఖర్చు తప్పుతుంది కానీ, కంప్యూటర్, ఇంటర్నెట్, ఇన్వర్టర్ బ్యాటరీ, ఆరోగ్య బీమా, పని లేని నెలల కోసం దాచవలసిన మొత్తం, ఇవన్నీ మీ మీదే పడతాయి. వీటికి నెలకు 6 వేలు అనుకుంటే, మీరు కోరుకున్నట్టు ప్రతి నెలా 18 వేలు చేతికి మిగలాలంటే 24 వేలు సంపాదించాలి.

చిన్న పిల్లవాడు ఉన్న ఇంట్లో నిజంగా డబ్బు తెచ్చే పని రోజుకు నాలుగు గంటలకు మించి జరగదు. మిగిలిన సమయం మెయిళ్లకు, బిల్లులకు, కొత్త పని వెతకడానికి, సందేహాల కోసం నిఘంటువులు తిరగేయడానికి పోతుంది. నెలకు 20 రోజులు, రోజుకు నాలుగు గంటలు, మొత్తం 80 గంటలు. 24 వేలను 80తో భాగిస్తే గంటకు 300 రూపాయలు. మొదటి రోజుల్లో మీరు చదవడం, రాయడం, మళ్లీ చూసుకోవడం కలిపి గంటకు 250 పదాలు పూర్తిచేయగలరు. అంటే పదానికి 1 రూపాయి 20 పైసల కంటే తక్కువకు పని ఒప్పుకుంటే ఆ మేరకు మీ ఇల్లు నష్టపోతుంది. నేను మొదట పదానికి 60 పైసలకు చేశాను. ఈ భాగహారం అప్పుడు చేసుకుని ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. అనుభవం వచ్చాక రోజుకు రెండు వేల పదాలు చేయగలుగుతారు, అప్పుడు లెక్క మారుతుంది. గంట ధరను మాత్రం మీ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచుకోండి. పదానికి ఇస్తామన్నా, పుటకు ఇస్తామన్నా, నిమిషం వీడియోకు ఇస్తామన్నా, దాన్ని గంటలోకి మార్చి చూసి గానీ సరే అనవద్దు.

పదాల లెక్కలో తెలుగు అనువాదకులకు ఎదురయ్యే ఒక పెద్ద చిక్కు ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఇంగ్లీషులో ఐదారు మాటలు పట్టే విషయాన్ని మనం ‘వెళ్లలేకపోయాను’ అని ఒక్క మాటలో అంటాం. విభక్తులు, కాలం, వ్యతిరేకార్థం అన్నీ మన దగ్గర మాటలోనే కలిసిపోతాయి. అందువల్ల వెయ్యి ఇంగ్లీషు పదాలు తెలుగులోకి వచ్చేసరికి సుమారు 700 నుంచి 800 పదాలు అవుతాయి. ఏజెన్సీ అనువాదంలోని పదాలను లెక్కిస్తే, పై లెక్కలో 24 వేలు రావలసిన చోట మీకు 18 వేలే వస్తాయి. పని అంతే, శ్రమ అంతే. అందుకే ధర మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఇది కావాలి: పదాలు మూలంలోవి లెక్కిస్తారా, అనువాదంలోవి లెక్కిస్తారా? మూలంలోవి అయితే మంచిది. అనువాదంలోవే లెక్కిస్తామంటే ధరను మూడో వంతు పెంచి అడగండి.

యంత్రానువాదం గురించి మీరు భయం వ్యక్తం చేశారు. అది న్యాయమైన భయమే. కొన్నేళ్లుగా ఏజెన్సీలు యంత్రం చేసిన అనువాదాన్ని పంపి, దిద్దితే చాలు అంటూ సగం ధర కూడా ఇవ్వకుండా పని చేయించుకుంటున్నాయి. వంటకం సూచనలో, యాప్ సందేశంలో యంత్రం చాలావరకు సరిగ్గానే చెబుతుంది, అక్కడ దిద్దడం త్వరగా అవుతుంది. కానీ మనుషుల మధ్య సంభాషణలో నువ్వు, మీరు కలగాపులగం చేస్తుంది, ఆమె అనవలసిన చోట అది అంటుంది, ఒకే సాంకేతిక పదాన్ని మూడు చోట్ల మూడు రకాలుగా రాస్తుంది. వాక్యం పైకి నున్నగా కనబడుతుంది కనుక తప్పు పట్టడానికి మూలంతో ప్రతి పదాన్నీ పోల్చాలి, ఒక్కోసారి కొత్తగా రాయడం కంటే ఎక్కువ సేపు పడుతుంది. అలాంటి పనిని పదాల లెక్కన ఒప్పుకోకండి, గంటల లెక్కన అడగండి. మొదటి 500 పదాలు దిద్ది చూసి, పట్టిన సమయాన్ని బట్టి ధర చెబుతానంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారిని వదిలేయండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తాను. మీరు జూన్ మొదటి వారంలో ఒక పని పూర్తిచేశారనుకోండి. ఏజెన్సీ నెలాఖరుకే బిల్లు తీసుకుంటుంది. బిల్లు అందిన 45 రోజులకు చెల్లిస్తుంది. అంటే ఆగస్టు నడుమ గానీ డబ్బు రాదు. ఈలోగా జూన్‌లో బాబుకు బడి ఫీజు కట్టాలి. ఉద్యోగంలో నెల మొదట్లో జీతం పడటానికి అలవాటుపడిన ఇల్లు ఈ రెండున్నర నెలల ఎడబాటును తట్టుకోలేదు. ఇల్లు గడవడానికి అప్పు చేసి, అప్పు తీర్చడానికి తక్కువ ధరకు దొరికిన పనల్లా చేసి, ఆ పనుల ఒత్తిడిలో మంచి పనికి సమయం లేక, చివరికి విసిగి మానేసినవారిని చూసే నేను మొదట్లో ఆ లెక్క మాట అన్నాను. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు మీ పేరున విడిగా బ్యాంకులో ఉండాలి. అది లేకుండా రాజీనామా చేయవద్దు. ఆ డబ్బు లేనప్పుడు మనం ధర గురించి నిలబడి మాట్లాడలేం, కాదు అనవలసిన చోట కాదు అనలేం.

డబ్బు రావడమే ఆలస్యం కాదు, ఒక్కోసారి రాదు కూడా. 2011లో ఒక ప్రచురణ సంస్థకు మూడు పాఠ్యపుస్తకాలు రాసిచ్చాను. మాటలన్నీ ఫోన్‌లోనే జరిగాయి, నమ్మకమే ఒప్పందం అనుకున్నాను. 84 వేల బిల్లు మీద పద్నాలుగు నెలలు తిప్పి, చివరికి 50 వేలు ఇచ్చి సరిపెట్టుకోమన్నారు. నా దగ్గర కాగితం లేదు, సరిపెట్టుకున్నాను. అప్పటి నుంచి ఎంత దగ్గరివారైనా, పని ఏమిటి, ఎన్ని పదాలు, ధర ఎంత, ఎప్పటికి ఇవ్వాలి, డబ్బు ఎప్పుడు వస్తుంది, మార్పులు ఎన్నిసార్లు, ఈ ఆరు విషయాలు ఒక మెయిల్‌లో రాసి, ‘సరే’ అని జవాబు వచ్చాకే మొదలుపెడతాను. కొత్తవారి దగ్గర మూడో వంతు ముందుగా తీసుకుంటాను.

దీనికి తోడు ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు, డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. సేవలు అందించే సూక్ష్మ సంస్థగా ఒక్క మనిషి కూడా నమోదు కావచ్చు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం మీ పని తీసుకున్న సంస్థ ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల లోపు చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు, అది ఇలాంటి బకాయిల తగాదాలు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. పైగా సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని సంస్థలు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలన్న ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది కనుక, బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే వాళ్ల అకౌంట్స్ విభాగం త్వరగా కదులుతోంది. పని మొదలుపెట్టక ముందే నమోదు అయి ఉండాలి, గొడవ వచ్చాక చేసుకుంటే పాత బిల్లులకు పనికిరాకపోవచ్చు.

హక్కుల విషయంలో మన రచయితలు చాలా అమాయకంగా ఉంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా కాకుండా మీరు స్వతంత్రంగా రాసిన రచనకు తొలి హక్కుదారు మీరే. హక్కు మరొకరికి ఇవ్వాలంటే సంతకంతో కూడిన రాతకోతలు ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం అనీ చట్టం భావిస్తుంది. కరపత్రానికి, యాప్ వాక్యాలకు హక్కులు పూర్తిగా ఇచ్చేయడంలో తప్పు లేదు, వాటితో మనకు మరో ఉపయోగం ఉండదు. కానీ మీ కథను ఆడియోగా చేస్తామని వచ్చే సంస్థల ఒప్పందాన్ని మాత్రం కూర్చుని చివరి పేరా వరకు చదవండి. అన్ని మాధ్యమాలకు, అన్ని భాషలకు, శాశ్వతంగా అని రాసి ఉంటే, రేపు అదే కథ సినిమాగా వచ్చినా మీకు ఒక్క రూపాయి అడిగే హక్కు ఉండకపోవచ్చు. ఆడియోకు మాత్రమే, తెలుగులో మాత్రమే, ఇన్నేళ్లకు మాత్రమే అని మార్చమని అడగండి. రచయిత మరణించాక కూడా 60 ఏళ్లు నిలిచే హక్కు అది. మీ బాబుకు మిగలవలసిన ఆస్తిని కొన్ని వేలకు రాసిచ్చేయవద్దు.

పన్ను గురించి భయం అక్కరలేదు. సంస్థలు వృత్తి సేవల కింద చెల్లించేటప్పుడు సాధారణంగా 10 శాతం మినహాయించి ఇస్తాయి. ఆ డబ్బు మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోవచ్చు, రిటర్న్ దాఖలు చేస్తే తిరిగి వస్తుంది. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను ఉండదు. ఆదాయం ఎంత తక్కువైనా ఏటా రిటర్న్ వేయండి, ఎందుకంటే జీతం చీటీ లేని మనకు రేపు ఇంటి అప్పు కావాలంటే బ్యాంకు అడిగేది ఆ కాగితాలనే. సేవలకు జీఎస్టీ నమోదు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే అవసరం.

ఇంట్లో పని అంటే ఇంటి పని అనుకుంటారు అందరూ. ‘ఇంట్లనే ఉంటవు గద, జర పిల్లగాన్ని చూడు’ అని పక్కింటివారు కూడా పిల్లల్ని దించిపోతారు. వారితో తగవు పడకండి, వేళలు ప్రకటించండి. మీరు నిజంగా మాట్లాడవలసింది మీ అత్తగారితో, మీ భర్తతో. బాబును చూసుకునే ఏర్పాటు ఇప్పుడు ఎలా ఉందో ఆ నాలుగు గంటలూ అలాగే కొనసాగాలి. బాబు దగ్గర ఉండటం కోసమే ఉద్యోగం మానాలనుకుంటున్నారని నాకు తెలుసు, కానీ బాబును ఒళ్లో పెట్టుకుని అంగీకార పత్రం అనువదించలేం. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను మధ్యాహ్నాలు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయానికి వెళ్లి పనిచేసేదాన్ని. 1904లో మన హనుమకొండలో పుట్టిన గ్రంథాలయం అది. పాత నిఘంటువులు, నిశ్శబ్దం, నలుగురు చదువుకునే మనుషుల మధ్య కూర్చోవడం, ఈ మూడూ నాకు అప్పట్లో ఎంత బలమిచ్చాయో చెప్పలేను.

పనిముట్ల విషయానికి వస్తే, స్థానిక ప్రెస్సులు, డీటీపీ కేంద్రాలు ఇప్పటికీ అచ్చుపనికి వాడే పాత అను ఫాంట్లలో అడుగుతాయి, బయటి సంస్థలన్నీ ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే యూనికోడ్‌లో అడుగుతాయి. రెండూ రావాలి. ఒకదాని నుంచి మరొకదానికి మార్చినప్పుడు వత్తులు తారుమారవుతాయి కనుక మార్చిన ప్రతిని మళ్లీ మొదటి నుంచి చదవాలి. పని ఎప్పటికప్పుడు ఇంటి బయట మరో చోట కూడా దాచి ఉంచండి. 2023 జూలైలో కురిసిన వానకు నయీంనగర్ నాలా పొంగి మా ఇంట్లోకి మోకాలు లోతు నీళ్లు వచ్చాయి. కంప్యూటర్ పాడైంది, సగం పూర్తయిన ఒక ఆత్మకథ మాత్రం ఆన్‌లైన్‌లో ఉండటం వల్ల మిగిలింది. ఆ పెద్దాయన రికార్డింగులు పోయి ఉంటే మళ్లీ చెప్పగల స్థితిలో ఆయన లేరు.

కాబట్టి నా సలహా ఇది. ఇప్పుడే రాజీనామా చేయవద్దు. మీకు ఏప్రిల్, మే నెలలు సెలవులు, చాలావరకు జీతం లేని రోజులు కూడా. ఆ రెండు నెలలను పరీక్షగా పెట్టుకోండి. మార్చిలోపే ఉద్యమ్ నమోదు పూర్తిచేసి, మూడు చిన్న నమూనాలు సిద్ధం చేసుకోండి: ఒక వ్యవసాయ కరపత్రం, ఒక ఆసుపత్రి సూచన పత్రం, రెండు నిమిషాల సంభాషణకు తెలంగాణ మాటలో అనువాదం. హనుమకొండలో ఆసుపత్రులకు, విత్తన సంస్థల కార్యాలయాలకు స్వయంగా వెళ్లి ఇవ్వండి, ఏజెన్సీలకు మెయిల్ చేయండి. ఆ రెండు నెలలు రోజూ ఎన్ని గంటలు కూర్చున్నారో, ఎన్ని గంటలకు డబ్బు వస్తుందో ఒక నోటు పుస్తకంలో రాయండి. జూన్‌లో కళాశాల తెరిచినప్పుడు తిరిగి వెళ్లండి, సాయంత్రాలు, ఆదివారాలు ఆ పని కొనసాగించండి. మీకు పని ఇచ్చినవారిలో కనీసం ముగ్గురు, ఒక్కొక్కరు రెండేసి సార్లు గడువులోగా డబ్బు చెల్లించిన రోజున, బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉన్న రోజున, రాజీనామా పత్రం రాయండి. ఏప్రిల్‌లో మొదలుపెట్టినవారికి ఆ రోజు సాధారణంగా దసరా, సంక్రాంతి మధ్యలో వస్తుంది, నాకు మాత్రం ఏడాదిన్నర పట్టింది. మూడు నమూనాలు తయారయ్యాక నాకు పంపండి, ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. ధర ఎంత అడగాలో కూడా అప్పుడు, ఆ నమూనాలు చూసి చెబుతాను.